జ్వరంతో బాధపడుతున్న రోలర్

మా లాండ్రీలో నన్ను వెనకాల 'ఆవిరి' అంటారని నాకు తెలుసు. ముందర మాత్రం అక్క. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కబట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ అది. ఇస్త్రీ హాలుకి పొద్దుటి షిఫ్టు ఇంచార్జిని నేను. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ వేడి రోలర్లలో ఏ రోలర్ దగ్గర ఎవరు నిలబడాలో, ఎవరు కాసేపు కూర్చోవాలో చెప్పేది నేనే. చెప్పడం అంటే అరవడమే. ఆ రోలర్ల మోతలో మెత్తగా మాట్లాడితే పక్కవాళ్ళకి కూడా వినపడదు. ఏళ్ళ తరబడి అరిచీ అరిచీ ఇంట్లో కూడా నాకు ఆ గొంతే మిగిలింది.

షిఫ్టు మారేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కుళాయిల దగ్గర కలిసేవాళ్ళం. చేతులు కడుక్కుంటూనే అప్పగింతలు జరిగిపోయేవి. "మూడోది ఎడంపక్క మాడుస్తోంది, కొత్తవాళ్ళని పెట్టకు. ఆసుపత్రి మూటలు ఇంకా తడిగా ఉన్నాయి, తొందరపడకండి. మెకానిక్‌ని నేను నాలుగు తిట్టాను, నువ్వో నాలుగు తిట్టు." అంతే. తిట్లతో సహా అన్నీ అప్పజెప్పి ఇంటికి పోయేవాళ్ళం. ఎవరూ ఏదీ మర్చిపోయేవాళ్ళు కాదు, ఎందుకంటే మర్చిపోతే కాలేది వాళ్ళ చెయ్యే.

అలాంటి చోటికి కొత్త మేనేజరు వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. మంచివాడే అనుకుని దగ్గరికి వెళ్తే, ఆ నవ్వు మనల్ని చూసే అని తెలుస్తుంది. వచ్చీ రాగానే కుళాయిల దగ్గర మాటలు బంద్ అన్నాడు. ఇకమీదట ప్రతి షిఫ్టు ఇంచార్జీ తన చేత్తో ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. దాన్ని ఆఫీసులో టైపు చేసి హెడ్డాఫీసుకి పంపుతారు. ఇంకో కాపీ గోడకి అంటిస్తారు, ఎక్కే షిఫ్టు అది చదువుకుని పనిలో దిగాలి.

నాకు ఇంగ్లీషు చదవడం ఓ మోస్తరుగా వచ్చు. మెషీన్ల మీద రాసి ఉన్నవీ, మందు సీసాల మీద రాసి ఉన్నవీ కూడబలుక్కుంటాను. రాయడం మాత్రం బళ్ళో నేర్పిన ఒకే ఒక్కటి వచ్చు. సెలవు చీటీ. నాకే కాదు, నా ఈడువాళ్ళెవర్ని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తారు. రెస్పెక్టెడ్ సర్, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. ఆ రోజు మూడో నంబరు రోలర్ ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడెక్కుతోంది. నాకు తెలిసిన ఆ ఒక్క మూసలోనే విషయం పోశాను. అయ్యా, మూడో నంబరు రోలర్ జ్వరంతో బాధపడుతున్నందున దానికి ఒక రోజు సెలవు దయచేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను, ఇట్లు మీ విధేయురాలు.

రెండు షిఫ్టులూ హాల్లో ఉన్నప్పుడు మేనేజరు దాన్ని పైకి చదివాడు. తెలుగులో అర్థం కూడా చెప్పాడు, ఎవరికైనా నవ్వు తక్కువవుతుందేమోనని. అందరూ నవ్వారు. నేను రోజూ నీళ్ళు తాగమని వెంటపడే, ఎడంచేతి వాటం ఉన్న ఆమె కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పటికీ మా హాల్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే "దీనికి మూడో నంబరు వచ్చింది" అంటారు.

"నెలాఖరులోపు ఒక రోజు చెప్పకుండా కూర్చోబెడతాను," అన్నాడు మేనేజరు, కాయితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "ఇంచార్జీలు ఇద్దరూ నా ముందే రిపోర్టు రాయాలి. రాయగలిగినవాళ్ళు ఇంచార్జి. రాయలేనివాళ్ళు రోలర్ దగ్గర."

రెండో ఇంచార్జి సాయంత్రం షిఫ్టు ఆవిడ. ఎవరేం చెప్పినా సరే అంటుంది కాబట్టి ఆమెని సరేనమ్మ అంటాం. ఆమె అప్పటికే ఎక్కడో రిపోర్టు నమూనా ఒకటి సంపాదించి బట్టీ పట్టేసింది. అన్ని మెషీన్లూ చక్కగా పనిచేస్తున్నాయి, సిబ్బంది బాగా సహకరించారు. వర్షమొచ్చినా వరదొచ్చినా అదే రాస్తుంది. నేను ఓడిపోతే ఆ మనిషి కింద దుప్పట్లు పరుచుకుంటూ నిలబడాలి. నా హాల్లో, నేను పని నేర్పినవాళ్ళ మధ్య. తలుచుకుంటేనే అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ రిపోర్టులు టైపు చేసేదెవరో కూడా చెప్పాలి. మా తోడికోడలు. మా మరిది భార్య. ఇద్దరం ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సెక్కి, ఒకే గేటు దగ్గర దిగుతాం. బస్సులో తను ముందు, నేను వెనక. ఇంట్లో నన్ను "అక్కా, నువ్వు" అంటుంది. గేటు దాటితే "ఇంచార్జి గారూ, మీరు". అంత మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు. కొత్త మేనేజరు వచ్చిన రోజు హాలంతా తిరుగుతూ నన్ను చూపించి ఆమెని అడిగాడు, "ఈవిడదీ మీదీ ఒకే వీధి అట, తెలుసా మీకు?" అని. "ఇస్త్రీ సెక్షన్‌లో చేస్తారు సార్," అంది. అంతే. మా హాలంతా విన్నది.

అప్పట్నుంచీ మాది ఉప్పూ నిప్పూ కాపురం. వంటింట్లో ఒకరు ఉంటే ఇంకొకరు వరండాలో. మా ఆయనా మా మరిదీ ఇలాంటప్పుడు కంచంలోంచి తల ఎత్తరు. రిపోర్టు సంగతి తెలిసి కలగజేసుకున్నది మా అత్తగారే.

"వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊరంతా తిరుగుతావుటే పెద్దదానా? చిన్నదానికి ఇంగ్లీషు నీళ్ళలా వచ్చు. రోజూ కూర్చోబెట్టి నేర్పవే చిన్నదానా."

"నేర్చుకుంటానంటే నేర్పుతాను," అంది ఆమె, నా వైపు చూడకుండా.

"నేర్పుతానంటే నేర్చుకుంటాను," అన్నాను నేను, గోడ వైపు చూస్తూ.

మొదటి రోజు మా అమ్మాయి పాత స్కూలు గైడు తీసి, అందులోంచి ఒక పేరా చూసి రాసి ఇచ్చాను. మాది సంతోషకరమైన కుటుంబం, మేమంతా ఐకమత్యంతో కలిసిమెలిసి జీవిస్తున్నాము అని. తోడికోడలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎర్ర పెన్ను తీసింది.

"ఇది ఎవరిల్లు?" అంది.

"మనదే."

"మనింట్లో ఎవరు కలిసిమెలిసి ఉన్నారు?"

"గైడులో అలా ఉంది."

"గైడు రాసినాయన ఈ ఇంట్లో ఉండట్లేదు. నువ్వు ఉంటున్నావు." పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. "నీకు తెలిసింది నీ మాటల్లో రాయి. తెలియని మాట దగ్గర ఆగిపోకు. తెలుగు మాటే పెట్టి ముందుకెళ్ళు, తర్వాత చూద్దాం."

"నాకు మాటలు రావు."

"నన్ను తిట్టడానికి వస్తాయిగా. అవే రాయి, ఇంగ్లీషులో. నేను దిద్దుతాను. మార్కులు కూడా వేస్తాను."

ఎగతాళి చేస్తోందేమోనని ముఖం చూశాను. చెయ్యట్లేదు. అంతకంటే ఒళ్ళుమండే విషయం ఇంకేముంటుంది? సరే, అడిగింది కదా అని మర్నాడు పొద్దున్నే కూర్చుని రాశాను. నువ్వు గర్విష్ఠివి. నువ్వు ఇంట్లో ఎప్పుడూ సాయం చెయ్యవు. నీ మనసు రాయి.

సాయంత్రం కాయితం ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. గర్విష్ఠి దగ్గర రాసింది, నేనేం చేస్తే నీకలా అనిపించింది, అది చెప్పు. ఎప్పుడూ దగ్గర రాసింది, నిన్న గిన్నెలు ఎవరు తోమారు? రాయి దగ్గర ఏమీ రాయలేదు, స్పెల్లింగు సరిచేసి ఊరుకుంది. పదికి రెండు.

గిన్నెలు తనే తోమింది. కొట్టేయక తప్పలేదు. కోపానికి 'ఎప్పుడూ' అనే మాట ఎంత అవసరమో ఆ రోజు తెలిసింది నాకు. అది తీసేస్తే కోపం సగానికి సగం చల్లారిపోతుంది. మిగిలిన సగానికి సాక్ష్యాలు వెతుక్కోవాలి.

వెతుక్కున్నాను. రోలర్ దగ్గర నిలబడి కూడా అదే పని. మొన్న నా తడి తువ్వాలు తీసి నీ చీర ఆరేశావు. నీళ్ళ బిందె నిండకముందే కుళాయి కట్టేశావు. నాకు జలుబు చేసినప్పుడు కిటికీ తెరిచావు. ఒక వాక్యంలో ఒక సంగతే పెట్టమంది. రెండు పెడితే రెండూ కుంటుతాయంది. రాసినదాన్ని పైకి చదవమంది, కన్ను వదిలేసిన తప్పు నోరు పట్టుకుంటుందంది. దిద్దినదాన్ని మళ్ళీ శుభ్రంగా రాస్తే తప్ప కొత్తది చూడనంది. నేను వంటింట్లో నిలబడి, ఆమె ముఖం మీదే ఆమెని తిట్టే ఇంగ్లీషు వాక్యాలు గొంతెత్తి చదువుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని వింటూ "మళ్ళీ చదువు, ఇంకోసారి" అనేది. మా అత్తగారు పూజ ఆపి మరీ తొంగిచూసేది. ఆవిడకి ముక్క అర్థం కాలేదు కాబట్టి, కోడళ్ళిద్దరూ కలిసిపోయారని ఇరుగుపొరుగుకి చెప్పుకుంది.

మార్కులు రెండు నుంచి నాలుగుకీ, ఆరుకీ వచ్చాయి. రాత కోడి కెలికినట్టే ఉండేది కానీ, చదివితే విషయం తెలిసేది. నేర్చుకుంటున్నందుకు సంతోషంగా ఉండేది, ఆమె దగ్గర నేర్చుకుంటున్నందుకు మంటగా ఉండేది. రెండూ ఒకేసారి ఉండేవి.

అప్పుడు రాశాను ఆ రోజు సంగతి. అప్పటిదాకా దాచుకున్నది. ఆ రోజు నువ్వు తలుపు దగ్గర నిలబడ్డావు. నీ చేతిలో నీలం ఫైలు ఉంది. మేనేజరు నీతో, ఈవిడ మీకు తెలుసా అన్నాడు. నువ్వు, ఇస్త్రీ సెక్షన్‌లో చేస్తారు అన్నావు. నేను నీ పక్కనే ఉన్నాను. అందరూ విన్నారు. నేను కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

చదివింది. ఎర్ర పెన్ను రెండు చోట్ల కదిలింది.

"ముఖం ఎందుకు కడుక్కున్నావు?"

"చెమట పట్టింది."

"అబద్ధాలు రాయొద్దన్నాను."

"రాయలేదుగా. అన్నాను."

పదికి ఏడు వేసింది. "మిగతా మూడూ ఎక్కడ పోయాయి?" అన్నాను.

"ఏడ్చానని రాయలేదు నువ్వు."

కాయితం లాక్కున్నాను. చిరిగింది కూడా. చిరిగిన ముక్క చేతిలో పట్టుకుని ఆమె అక్కడే కూర్చుంది.

"నాకు సిగ్గేసింది," అంది. "ఆవిరిలోంచి వచ్చావు. ముఖమంతా ఎర్రగా, జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, హాలంతా వినపడేలా ఎవరిమీదో అరుస్తూ. ఈమె వీళ్ళింటి మనిషా అనుకుంటారని సిగ్గేసింది. చెప్పేశాను. కావాలంటే ఇది కూడా రాసుకో."

ఆమె క్షమించమని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. అడిగి ఉంటే బల్ల మీది పళ్ళెం తీసి నేలకేసి కొట్టేదాన్ని, అంత కోపం వచ్చింది. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. కానీ కాయితాలు మాత్రం ఆగలేదు. పొద్దున బల్ల మీద నేను పెట్టేదాన్ని, సాయంత్రానికి ఎర్రగా తిరిగొచ్చేవి. పరీక్ష ఉందని ఇద్దరికీ తెలుసు.

ఈలోపు జరుగుతున్న పని మేనేజరుకి చాలట్లేదు. రోలర్ అంచున ఒక అడ్డపట్టీ ఉంటుంది. వేళ్ళు దగ్గరికొచ్చి దానికి తగిలితే రోలర్ టక్కున ఆగిపోతుంది. దుప్పటి తడిగా ఉండి ముడతపడితే, ఆ ముడత తగిలినా ఆగిపోతుంది. ఆసుపత్రి మూటల రోజున మాటిమాటికీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా మేనేజరు గాజు తలుపు వెనకాలనుంచి చూస్తుండేవాడు. ఒక రోజు వచ్చి, మూడో నంబరు అడ్డపట్టీని బట్టపేలికతో పైకి కట్టెయ్యమన్నాడు.

"కుదరదు సార్," అన్నాను. "అది వేళ్ళ కోసం పెట్టింది."

"వేళ్ళు ఎవరివి వాళ్ళు చూసుకుంటారు. మీరు దుప్పట్లు చూడండి." నవ్వాడు. మెకానిక్‌ని పిలిచి తనే దగ్గరుండి కట్టించాడు.

నేను నోరున్నదాన్నే, హాలు అదిరేలా అరవగలను. కానీ పరీక్ష దగ్గరికొచ్చింది, ఈ మనిషితో ఇప్పుడు పెట్టుకోవడం దేనికని ఊరుకున్నాను. ఎడంచేతి ఆమెని మాత్రం మూడో నంబరు దగ్గర ఉండొద్దన్నాను. "అలాగేనక్కా" అంది. నేను మూటల దగ్గరికి వెళ్ళినప్పుడు, అక్కడ మనిషి తక్కువైందని తనే వెళ్ళి నిలబడింది.

అరుపు వినపడి పరిగెత్తాను. తడి దుప్పటి ముడతపడితే చెయ్యి పెట్టి సర్దబోయింది. చొక్కా చెయ్యి రోలర్‌లోకి పోయింది. రోలర్ ఆగలేదు. నేను ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాను. చొక్కా చిరిగింది కాబట్టి చెయ్యి దక్కింది. మణికట్టు మీద చర్మం మాత్రం అంటుకుపోయి వచ్చేసింది. ఆమెని ఆసుపత్రికి పంపి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మేనేజరు వచ్చాడు.

"సాయంత్రం షిఫ్టావిడ కూడా వచ్చేసింది. ఇద్దరూ ఆఫీసుకి రండి. ఇవాళే రాసేద్దాం."

ఆ రోజే ఎందుకు ఎంచుకున్నాడో మెట్లెక్కుతుండగా అర్థమైంది. ఆ రోజు రిపోర్టు అతనికి నా చేతిరాతలోనే కావాలి. భయపడిన చేత్తో, తన పేరు రాకుండా.

ఆఫీసులో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. కంప్యూటర్ ముందు మా తోడికోడలు కూర్చుంది. తల తిప్పలేదు. సరేనమ్మ కూర్చోగానే గబగబా రాసేసి, సంతకం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె నిన్నటి షిఫ్టులో అన్ని మెషీన్లూ చక్కగా పనిచేశాయట.

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదట నాకు తన్నుకొచ్చింది ఆ పాత సెలవు చీటీయే. రెస్పెక్టెడ్ సర్. దాన్ని పక్కకి నెట్టాను. ఎదురుగా మేనేజరు లేడు, వంటింటి బల్ల దగ్గర తోడికోడలు కూర్చుని ఉంది అనుకున్నాను. ఆమె మీద కోపం తెచ్చుకున్నట్టే తెచ్చుకున్నాను. ఒక వాక్యానికి ఒక సంగతి.

మూడో రోలర్ అడ్డపట్టీని బట్టతో కట్టారు. మేనేజరు కట్టమన్నారు. నేను వద్దన్నాను. మెకానిక్ కట్టాడు. ఈ పొద్దున తడి దుప్పటి ముడతపడింది. హాల్లో పనిచేసే ఒకామె దాన్ని సర్దబోయింది. ఆమె చొక్కా చెయ్యి లోపలికి వెళ్ళింది. రోలర్ ఆగలేదు. నేను ఎర్ర బటన్ నొక్కాను. ఆమె మణికట్టు కాలింది. పట్టీ కట్టినప్పుడు నేను గట్టిగా అరవాల్సింది, అరవలేదు. సాయంత్రం షిఫ్టువాళ్ళు మూడో రోలర్ వాడకండి.

పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకుని ఇచ్చాను. మేనేజరు చదివాడు. నవ్వు చెదరలేదు.

"బాగా నేర్చుకున్నారే. నేననుకోలేదు. మీరే ఇంచార్జి, అనుమానం లేదు." కాయితం నా ముందు పెట్టి 'మేనేజరు కట్టమన్నారు' అన్నచోట వేలు ఉంచాడు. "ఈ ఒక్క వాక్యం కొట్టెయ్యండి. రిపోర్టుల్లో మనుషులు ఉండకూడదు. అడ్డపట్టీ కట్టి ఉంది అంటే చాలు. ఎవరన్నారు, ఎవరు విన్నారు, ఇవన్నీ కుళాయిల దగ్గర కబుర్లు."

నిజం చెప్తాను. నా చెయ్యి పెన్ను మీదికి వెళ్ళింది. ఒక్క గీత. ఆ గీత గీస్తే హాలు నాది. ఎవరు ఎక్కడ నిలబడాలో రేపు కూడా నేనే చెప్తాను, ఆ చెప్పడంతోనే పది మందిని కాపాడుకోవచ్చు అని కూడా అనుకున్నాను. మనసు లంచం అడిగినప్పుడు ఎన్ని ధర్మాలైనా చెప్తుంది.

కానీ ఆ వాక్యం తీసేస్తే మిగిలేదేమిటి? అడ్డపట్టీ దానంతటదే కట్టుకుంది. చెయ్యి దానంతటదే కాలింది. రోలర్ జ్వరంతో బాధపడుతోంది. మళ్ళీ అదే సెలవు చీటీ. దాన్ని చూసే కదా ఈయన అంతమందిలో నన్ను నవ్వులపాలు చేశాడు.

"కొట్టెయ్యను," అన్నాను.

"ఇంచార్జి పని వద్దా?"

"కావాలి. కొట్టెయ్యను."

అప్పుడు పోయింది నవ్వు. కాయితం తీసి మా తోడికోడలి ముందు పడేశాడు. "నువ్వు టైప్ చెయ్యమ్మా. ఆ రెండో వాక్యం వదిలేసి."

ఆమె కాయితం చూసింది. టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మీటల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆమె వేళ్ళు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ దూకుతాయో అని వింటూ కూర్చున్నాను. నాకు ఆమె మీద నమ్మకం లేదు. ఎందుకుండాలి? మేనేజరు వెనకాల నిలబడి తెర మీదికి వంగాడు.

"వదిలెయ్యమన్నాను కదా. వినపడలేదా?"

"వినపడింది సార్."

"మరి? ఆవిడ నీకేమవుతుందని?"

"మా అక్క సార్," అంది తోడికోడలు. టైపు చెయ్యడం ఆపలేదు. "మా బావగారి భార్య. ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె రాసినవన్నీ నేనే దిద్దుతాను. ఇందులో దిద్దడానికేం లేదు, తప్పుల్లేవు." చివరి మీట నొక్కింది. "హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది సార్. గోడ కాపీ తియ్యమంటారా?"

మేనేజరు ముఖం ఎర్రబడింది. ఏదో ఒకటి చేసి గెలవాలి కదా, సరేనమ్మ వైపు తిరిగాడు.

"రేపట్నుంచి రెండు షిఫ్టులకీ మీరే ఇంచార్జి. ఈవిడ రోలర్ దగ్గర ఉంటుంది. వెళ్ళి పని మొదలుపెట్టండి."

"సరే సార్," అంది సరేనమ్మ. లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మూడో నంబరు ఆపేస్తాను సార్."

"ఆపమని ఎవరు చెప్పారు?"

"రిపోర్టులో రాసుంది కదా సార్. చదువుకుని పనిలో దిగమన్నారు మీరే." నా వైపు కూడా చూడకుండా దిగి వెళ్ళిపోయింది. ఆమెకి నేనంటే పడదు, ఇప్పటికీ పడదు.

బస్సులో నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. మా తోడికోడలు ముందుకి వెళ్ళకుండా వచ్చి నా పక్కన నిలబడి, "జరుగు," అంది. జరిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంచార్జి పని పోయింది. రేపట్నుంచి నా హాల్లో నేను దుప్పట్లు పరవాలి. కోపంగా ఉంది, పక్కన కూర్చున్న ఈ మనిషి మీద కూడా. వాక్యం వదిలేసి టైపు చేసి ఉంటే నేను జీవితాంతం ఆమెని హాయిగా తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు.

"తప్పుల్లేవా అందులో?" అన్నాను.

"రెండున్నాయి."

"మరి లేవని చెప్పావు."

"నీ తప్పులు వాడికెందుకు చెప్తాను?"

బస్సు ఆగింది, ఎవరో దిగారు, మళ్ళీ కదిలింది. ఆమె బ్యాగులోంచి చేతిరుమాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను తుడుచుకోలేదు. చేతిలో ఉంచుకున్నాను.

"ఇంటికెళ్ళాక ఇవాళ్టిది రాయి," అంది.

"ఏమని రాయను?"

"అందరి ముందూ మా అక్క అన్నాను కదా. దాని మీద రాయి."

"దాని మీద రాయడానికేముంది? ఆలస్యంగా అన్నావు."

"అదే రాయి," అంది.